హనోయ్ అక్కల ‘కరువు’

వియత్నాంలో కొత్తగా పరిచయమైనవారు ముందుగా అడిగే ప్రశ్న, “మీకెన్నేళ్లు?” అని. మన వైపు ఆడవాళ్లను ఆ మాట అడిగితే మర్యాద తెలియని మనిషి అంటారు. అక్కడ అడగకపోతేనే చిక్కు. వయస్సు తెలిస్తేగాని ఎదటి మనిషిని ఏ వరసపెట్టి పిలవాలో తేలదు. “నువ్వు, నేను” అనే మాటలతో వాళ్లకు పని తక్కువ. నాకంటె నాలుగేళ్లు పెద్దదయితే ఆమె నాకు “చి”, అనగా అక్క. నేను ఆమెకు “ఎమ్”, చెల్లెల్ని. తల్లి యీడుదయితే “కో”, అంటే అత్త. అప్పుడు నన్ను నేను “చావ్” అని చెప్పుకోవాలి. మేనకోడలు, మేనల్లుడు, మనుమలు అందరూ చావ్‌లే. తెలుగు చెవికి ఆ మాట వింటే గుండె ఝల్లుమంటుంది గాని, వాళ్లకది ముద్దుమాట.

ఈ వరసల గొడవ ఎందుకంటారేమో. నేను చెప్పబోయే కష్టానికీ ఈ వరసలకూ గట్టి సంబంధం వుంది.

మావారి వుద్యోగం మూలాన 2022 నుంచి 2025 దాకా మేము హనోయ్‌లో కాపురమున్నాము. భాష నాకు బడిలో రాలేదు; సంతలో కూరలమ్మే ఆడవాళ్ల దగ్గరా, హోవన్ కియెమ్ చెరువు గట్టునా వచ్చింది. తెల్లవారుఝామున అయిదింటికే ఆ గట్టు మీద నడివయసు ఆడవాళ్లు గుంపులు గుంపులుగా చేరి, పాట పెట్టుకుని వ్యాయామం చేస్తారు. గంట సేపు చేతులూ కాళ్లూ ఆడించి, తరవాత జానెడెత్తు పీటల మీద కూర్చుని చల్లటి తేనీరు తాగుతారు. ఆ గుంపులో నేనూ ఒకతెనయ్యాను. ఆడవాళ్లు నలుగురు కూర్చుంటే ఏం మాట్లాడుకుంటారో మీకు తెలియంది కాదు. కోడళ్లూ, కూరల ధరలూ, మోకాళ్లూ అయిపోయాక ముట్లుడగటం మాట వచ్చేది.

ఈ విషయంలో వాళ్ల భాష బహు చమత్కారమైనది. ముట్లుడగటాన్ని “మాన్ కిన్” అంటారు, బహిష్టులు నిండిపోవటం అన్నమాట. ఒళ్లంతా ఆవిరి వచ్చినట్లు వేడెక్కటం “బోక్ హ్వా”, నిప్పు పైకెగయటం. ఈ వయస్సునే “హోయ్ స్వన్” అని కూడా అంటారు. అంటే వసంతం తిరిగిరావటమట! ఎవడో మగవాడే పెట్టి వుంటాడా పేరు. నిప్పు సంగతి అందరూ బాహాటంగా చెప్పుకునేవారు. ఒకామె విసనకర్ర లేకుండా గట్టుకు వచ్చేదే కాదు.

కాని ఇంకొక మాట వుంది. “ఖో హాన్”. నిఘంటువులో చూస్తే దీనికి అర్థం కరువు, అనావృష్టి. చెరువులు ఎండి పొలాలు బీటలువారటం. టెలివిజన్‌లో మాత్రలమ్మే ప్రకటనలలో ఈ మాట తరచు వినిపించేది. హనోయ్ ఎంత తడి ఊరో చూసినవారికే తెలుస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలలలో గోడలు చెమరుస్తాయి, గచ్చు మీద నీళ్లూరుతాయి, ఆరేసిన బట్టలు వారమైనా ఆరవు. దాన్ని “నోమ్” అంటారు (మన నోము కాదు). అటువంటి వూళ్లో ఈ కరువేమిటా అనుకున్నాను. ఒకనాడు తేనీరు తాగుతూ అడిగాను. పీటల మీది వాళ్లంతా ఒక్కసారి గ్లాసులలోకి చూశారు. తరవాత మా మేడలోనే నాలుగో అంతస్తులో వుండే అక్క నా చెవి దగ్గరకు వంగి చెప్పింది. అది పొలాల కరువు కాదు, ఆడదాని ఒంటిలో కరువు. ముట్లుడిగాక భర్తతో కలిసినప్పుడు కలిగే పొడితనం, మంట, నొప్పి.

ఈ అక్క ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మ. యాభై మూడేళ్లు. భర్త మంచివాడు, మాట కటువు లేనివాడు. రెండేళ్లుగా ఆమె మనుమరాలి గదిలో పడుకుంటోంది. అడిగినవారికి “పిల్ల రాత్రిళ్లు లేస్తుంది” అని చెప్పేది. పిల్లకు అప్పటికి ఆరేళ్లు, తెల్లవార్లూ కదలకుండా నిద్రపోతుంది. ఆ సంగతి భర్తకూ తెలుసు. తెలిసీ ఏమీ అడగలేదు. అడగకపోవటమే ఆమెకు ఎక్కువ బాధగా వుండేది.

“దక్షిణాన సైగాన్ వైపు ఆడవాళ్లు దీన్ని త్రా బాయ్ అంటారు, ఎమ్. పాఠం అప్పజెప్పటం అని,” అన్నది ఆమె ఒకసారి. “ముప్ఫై ఏళ్లు పిల్లలచేత పాఠాలు అప్పజెప్పించుకుని, రాత్రయితే నేను అప్పజెప్పేదాన్ని. ఇప్పుడు నోరు పెగలటం లేదు.” ఆమె నవ్వింది. నేనూ నవ్వాను గాని ఆ నవ్వు ఎంతో సేపు నిలవలేదు.

వైద్యుల మాటలలో చెప్పాలంటే సంగతి ఇది. ఆడదాని అండాశయాలలో ఈస్ట్రోజన్ అనే రసం తయారవుతూ వుంటుంది. యోని లోపలి పొర మందంగా, సాగేగుణంతో, తడిగా వుండటానికి కారణం అదే. యాభై అటూ ఇటూగా ముట్లు ఆగిపోయేటప్పుడు ఆ రసం తగ్గిపోతుంది. పొర పలచబడుతుంది, ఊట తగ్గుతుంది, ఒరిపిడికి చిట్లుతుంది. పక్కనే వున్న మూత్రద్వారానికీ అదే గతి పడుతుంది. అందుచేత మాటిమాటికీ మూత్రం రావటం, మంట, పదే పదే చీము పట్టటం. ఒళ్లు వేడెక్కటమనేది కొన్నేళ్లకు చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. ఈ పొడితనం అలా సర్దుకోదు, వైద్యం లేకపోతే ఏడాదికేడాది ముదురుతుంది. పాత వైద్యగ్రంథాలు దీన్ని “వాడిపోవటం” అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవి. 2014లో అమెరికాలోని వైద్యసంఘాలు ఆ పేరు మార్చి, మూత్రావయవాల బాధలు కూడా కలిసివచ్చేలా కొత్త పేరు పెట్టాయి. పేరు మారితే జబ్బు మారదు గాని, “వాడిపోయావు” అనిపించుకోకుండా వైద్యుని ముందు కూర్చోవటం కొంత మేలు.

నొప్పి ఒకసారి కలిగితే తరవాతిసారి ఆ నొప్పి వస్తుందన్న భయంతోనే కండరాలు బిగుసుకుంటాయి. బిగుసుకుంటే నొప్పి రెట్టింపు. ఇక మనస్సు ఆ ఛాయలకే పోనంటుంది. దాన్ని “కోరిక చచ్చిపోయింది” అనుకుంటారు. చాలామందిలో కోరిక చావలేదు, నొప్పికి జడిసి దాక్కుంది. 2019 జనాభా లెక్కల ప్రకారం వియత్నాంలో ఆడపిల్ల సగటు ఆయుర్దాయం 76.3 ఏళ్లు. అంటే ముట్లుడిగాక ఇంకా పాతికేళ్ల బతుకు వుంది. ఆ పాతికేళ్లు మనుమరాలి గదిలో గడపాలా?

ఇక మగవారి సంగతి చూడండి. హనోయ్‌లో లాన్ ఓంగ్ వీధి అని వుంది. పద్ధెనిమిదవ శతాబ్దపు మహావైద్యుడు లె హూ చాక్ బిరుదు మీద పెట్టిన పేరది. వీధి పొడుగునా వేళ్లు, బెరళ్లు, ఎండుపళ్ల వాసన. ఇటువంటి దుకాణాల్లోనూ, భోజనశాలల్లోనూ గాజుజాడీలు బారులు తీరి వుంటాయి. సారాయిలో నానేసిన పాములు, పెద్ద బల్లులు, గుర్రం మొహంగల చిన్న చేపలు. ఇవన్నీ మగవారి పటుత్వం కోసం. హ్యూ నగరంలో ఏకంగా మిన్ మాంగ్ చక్రవర్తి పేరిట ఒక మందుసారా అమ్ముతారు. 1820 నుంచి 1841 వరకు ఏలిన ఆ చక్రవర్తికి 142 మంది సంతానమని ప్రతీతి. ప్రయాణీకులు పదిమందిలో నవ్వుతూ ఆ సీసాలు కొనుక్కుపోతారు. మగవాడి లోటు బజారులో జాడీకెక్కి కూర్చుంది. ఆడదాని బాధకు మాత్రం చెవి దగ్గర గుసగుస తప్ప చోటు లేదు. ఈ సారాయిలూ, ఆ పైన 1998లో వచ్చిన మగవారి మాత్రా కలిసి ఇంకొక చిక్కు తెచ్చిపెట్టాయి. ఆయన మాత్ర వేసుకుని సిద్ధమవుతాడు. ఆవిడ ఒళ్లు సిద్ధంగా వుండదు. నొప్పి మునుపటికంటె ఎక్కువ. ఆ మాత్ర ఇచ్చే వైద్యుడు “మీ ఇంట్లో ఆవిడకెలా వుంది?” అని ఒక్క మాట అడిగితే ఎంత బాగుండును!

వియత్నాం ఆడవారికి మొదటినుంచీ నోరు లేదనుకుంటే పొరపాటు. పద్ధెనిమిదో శతాబ్దం చివరా పందొమ్మిదో శతాబ్దం మొదటా హో స్వన్ హువోంగ్ అనే కవయిత్రి పనసపండు మీదా, ఉయ్యాల మీదా, విసనకర్ర మీదా పద్యాలు చెప్పింది. పైకి ఒక అర్థం, లోపల స్త్రీదేహం. మన ముద్దుపళనికి దూరపు చెల్లెలనుకోవచ్చు. 2022లో ఆమె 250వ జయంతిని యునెస్కో గుర్తింపుతో జరిపారు. బడిపిల్లలు ఆ పద్యాలు చదువుతారు. మా పంతులమ్మ అక్క కూడా కొన్ని కంఠతా చెప్పగలదు. కాని అదే అక్క వైద్యుని దగ్గరకు పోయి, తన ఒంటికి వచ్చినదాన్ని చెప్పలేకపోయింది.

ఎందుకు చెప్పలేకపోయిందో నేను కళ్లారా చూశాను. నన్ను తోడు రమ్మంటే వెళ్లాను. ఆసుపత్రి పేరు చెప్పను, మంచి పేరున్నదే. రెండున్నర గంటలు వరసలో కూర్చున్నాము. లోపల వున్న డాక్టరు ముప్ఫై ఏళ్ల కుర్రాడు. వినయవంతుడు. ఆమెను చూడగానే “కో” అన్నాడు, తనను “చావ్” అన్నాడు. “అత్తా, మీ మేనల్లుడు ఏం చేయాలి చెప్పండి” అన్నట్లు. ఇక ఆమె ఏం చెబుతుంది? మేనల్లుడి ముందు కూర్చుని పడకగది సంగతి ఏ అత్త విప్పుతుంది? గదిలో ఇంకో ఇద్దరు రోగులు నిలబడే వున్నారు. “కడుపులో నొప్పి” అన్నది. ఆయన కడుపు నొక్కి చూసి, విటమిన్లు రాసి పంపాడు. ఆ కుర్రవాణ్ణి నేను తప్పుపట్టను. ఆయన మర్యాదగానే వున్నాడు. ఆ మర్యాదే ఆమె నోటికి అడ్డం పడింది.

మగవారికి జాడీ వున్నట్లే ఆడవారికి పత్రిక వుంది. “వియత్నాం మహిళ” అనే పత్రికలో తాన్ తామ్ అక్క పేరిట ఒక శీర్షిక వుంది. ఆ పేరున ఎవరు రాస్తారో చదివేవారికి అక్కర లేదు. కష్టం రాసుకుంటే అక్క జవాబిస్తుంది. మన వారపత్రికలలో జాబులకు జవాబులు రాసే అక్కయ్యలవంటిదే. కాగితానికి మొహం వుండదు, వరస అడగదు. అందుకే అక్కడికి రాసినంత ధైర్యంగా డాక్టరు ముందు మాట్లాడలేరు. కాని కాగితం పరీక్ష చేసి చూడలేదు కదా.

చూడటం ఎంత అవసరమో చెప్పటానికి ఇంకొక మనిషి మాట చెప్పాలి. మా గుంపులోనే నామ్ దిన్ వైపు పల్లెనుంచి వచ్చిన ఒకామె వుండేది. కొడుకూ కోడలూ వుద్యోగాలకు పోతే పిల్లవాణ్ణి చూడటానికి నగరానికి వచ్చింది. ఇలా వచ్చిన నాయనమ్మలూ అమ్మమ్మలూ హనోయ్‌లో వీధికి పదిమంది. భర్త అక్కడ కోళ్లనూ పొలాన్నీ చూసుకుంటూ ఒంటరిగా వుంటాడు. ఈమె ఇక్కడ రెండు గదుల ఇంట్లో మనుమడి పక్కన. ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్లి వస్తుంది. వెళ్లినప్పుడల్లా నొప్పి, రెండుసార్లు రక్తం కనిపించింది. ముట్లుడిగి అయిదేళ్లయింది. “పొడితనమే” అనుకుని, పెద్దలు చెప్పినట్లు తమలపాకులు మరిగించిన నీళ్లతో కడుక్కునేది. తమలపాకు అక్కడ కూడా పెళ్లికీ పేరంటానికీ ముందుండే ఆకే. ఈ కడుగుళ్లకు కూడా వాడతారు. పైపైన కడుక్కుంటే కడుక్కోవచ్చు గాని, లోపలికంటా కడిగితే అక్కడ మనకు కాపలా కాసే మంచి సూక్ష్మజీవులు పోతాయి, మంట హెచ్చుతుంది. ఎనిమిది నెలలు అలా కడిగింది. చివరకు కోడలు గుడ్డలమీద మరక చూసి బలవంతాన తీసుకుపోతే, గర్భాశయ ముఖద్వారంలో కాన్సరు అని తేలింది. చికిత్స జరిగింది, 2025లో నేను వచ్చేసేనాటికి తిరుగుతూనే వుంది, కాని మనిషి సగమైపోయింది. ముట్లుడిగిన తరవాత ఒక్క చుక్క రక్తం కనిపించినా, కలయిక తరవాత కనిపించినా, అది పొడితనం వల్లనే అని మనకు మనం తీర్పు చెప్పుకోకూడదు.

ఈ సంగతి తెలిశాకనే మా పంతులమ్మ అక్క మళ్లీ కదిలింది. ఈసారి సాయంత్రం ఇంటి దగ్గర రోగులను చూసే ఒక పెద్ద లేడీ డాక్టరు దగ్గరకు వెళ్లాము. ఆమెకు అరవై పైన. వీధి తలుపు మూసి, వయస్సు అడిగి, “ఎమ్” అన్నది. చెల్లీ, అని. తరవాత “నీకేం బాధ?” అని అడగలేదు. “నీ యీడు చెల్లెళ్లు చాలామంది నాతో ఆ పని దగ్గర నొప్పి అంటారు. నీకూ వుందా?” అన్నది. అంతే! రెండేళ్లు బిగబట్టినదంతా బయటపడింది. అక్క ఏడ్చింది. డాక్టరుగారు ఆమెకు ఒక గుడ్డముక్క ఇచ్చి, తాను చేతులు కడుక్కోవటానికి వెళ్లింది, అది మర్యాద.

పరీక్షలో ఇంకొక సంగతి బయటపడింది. లూపు! 1988లో వియత్నాం ప్రభుత్వం ఇంటికి ఇద్దరే పిల్లలని నిబంధన పెట్టింది (2025 జూన్‌లో తీసేశారు). ఆ కాలంలో ఎక్కువమంది ఆడవారు వాడినది లూపే. వాళ్ల భాషలో “వోంగ్”, వలయం. రెండో కాన్పు కాగానే వేయించుకున్నారు, ఆ పైన మరచిపోయారు. అక్కకు కూడా లోపల అలాగే వుండిపోయింది. ముట్లు పూర్తిగా ఆగి ఏడాది దాటాక దాన్ని తీసివేయించుకోవాలి. గర్భాశయం ముడుచుకునేకొద్దీ తీయటం కష్టమవుతుంది. గోడలోకి గుచ్చుకుని నొప్పి పెట్టవచ్చు, చీము పట్టవచ్చు, రక్తం రావచ్చు. డాక్టరుగారు తీసి చూపిస్తే, “ఇది నా చిన్నకొడుకుతో సమానం” అన్నది అక్క.

మందు విషయానికి వస్తే అందులో రహస్యమేమీ లేదు. తేలిక బాధకు, కలయిక సమయంలో రాసుకునే నీటితో చేసిన జారుడు లేపనాలు, వారానికి రెండు మూడుసార్లు పెట్టుకునే తేమ లేపనాలు చాలు. అవి చాలనప్పుడు, యోనిలో పెట్టుకునే కొద్దిమోతాదు ఈస్ట్రోజన్ లేపనమో బిళ్లో ఇస్తారు. అది పనిచేసే చోటనే పనిచేస్తుంది, రక్తంలోకి పోయేది బహు స్వల్పం. గుణం కనిపించటానికి కొన్ని వారాలు పడుతుంది. మానేస్తే బాధ తిరిగివస్తుంది. 2002లో అమెరికాలో నోటిద్వారా వేసుకునే హార్మోను మాత్రల మీద జరిగిన పెద్ద పరిశోధన చూసి లోకమంతా బెదిరిపోయింది. ఆ బెదురు ఈ లేపనం మీదకు కూడా పాకింది. రొమ్ము కాన్సరు వచ్చినవారు మాత్రం తమ వైద్యుణ్ణి సంప్రదించకుండా ముట్టుకోకూడదు. కటికండరాలు బిగించటమే కాదు, వదులు చేయటం కూడా నేర్పే వ్యాయామాలున్నాయి. నొప్పికి భయపడి బిగుసుకున్నవారికి రెండోదే ముఖ్యం. మధుమేహం వున్నవారూ, మనస్సుకు సంబంధించిన మందులు వాడేవారూ ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఇక లాన్ ఓంగ్ వీధిలో అమ్మే వేళ్లూ, టెలివిజన్‌లో వసంతాన్ని తిరిగి తెప్పిస్తామనే మాత్రలూ... అక్క వాటిమీద ఏడాదిపాటు తన జీతంలోంచి ఖర్చుపెట్టింది. ఉడకబెట్టిన కషాయం రుచిగా వుండేదని మాత్రం చెప్పింది.

మందు దొరికింది గాని భర్తతో చెప్పాలి కదా! అక్కడ మూడు వారాలు ఆగిపోయింది. “ఏమని చెప్పను? మా భాషలో దీనికి ప్రకటనల మాటా వుంది, పోకిరీ మాటా వుంది, డాక్టరు మాటా వుంది. భార్య భర్తతో చెప్పే మాట లేదు” అన్నది. నేను తెలుగులో వెతికి చూసుకున్నాను. మనకు మాత్రం వుందా?

చివరకు అక్టోబరు 20 వచ్చింది. 1930లో ఆ తేదీన మహిళాసంఘం పుట్టింది గనుక వియత్నాంలో అది ఆడవారి పండుగ. ఆ రోజు హనోయ్ అంతా పూలబండ్లే. భర్తలు, కొడుకులు, బడిపిల్లలు అందరూ గులాబీలు మోసుకుపోతుంటారు. అక్క పొద్దున్నే భర్త చేతికి డాక్టరుగారి చీటీ ఇచ్చింది. “ఈ ఏడు నాకు పూలొద్దు. ఇది తెచ్చిపెట్టండి. ఎందుకో రాత్రికి చెబుతాను. పిల్లను ఈవేళ వాళ్లమ్మ దగ్గర పడుకోమన్నాను” అన్నది. ఆయన చీటీ తిప్పి తిప్పి చూసి, జేబులో పెట్టుకుని వెళ్లాడు.

సాయంత్రం గులాబీలు తెచ్చాడు. మందు మరచిపోయాడు. అక్క ఆ పూలను బకెట్టులో పడేసి, గుమ్మంలోనుంచే మళ్లీ బజారుకు పంపింది. ఆయన మెట్లు దిగుతూ మా వాకిలి దగ్గర ఆగి, మందుల దుకాణం ఎంతదాకా తెరిచి వుంటుందని నన్నడిగాడు.